జెండా ఎగిరిన మర్నాడు

చరిత్ర అనగానే మనలో చాలామందికి ఆవులింతలొస్తాయి. తారీఖులు బట్టీపట్టిన రోజులు గుర్తొస్తాయి. అలాంటిది, శామీర్‌పేటలో ఒక కాలనీ హాల్లో హైతీ చరిత్ర మీద డాక్యుమెంటరీ వేస్తే, మేడ్చల్ నుంచి కూడా ఆడవాళ్లు వచ్చి కదలకుండా చూశారు.

బొమ్మ పేరు 'ఎగాలితే ఫర్ ఆల్'. 2009లో వచ్చింది, దర్శకుడు నోలాండ్ వాకర్. కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి వలసలో, చెరకుతోటల బానిసలు 1791లో తిరగబడ్డారు. వాళ్లకు నాయకుడైన తూసాన్ లూవెర్త్యూర్ కథ ఇది. పాటలూ, చరిత్రకారుల మాటలూ, వూడూ పూజలూ, నటించి చూపిన ఘట్టాలూ కలిపి అల్లారు గనక పాఠం విన్నట్టు ఉండదు. సమానత్వం అని లోకానికి చాటిన ఫ్రాన్సే బానిసల్ని ఉంచుకుందన్న ఎత్తిపొడుపు ఆ పేరులోనే ఉంది.

తూసాన్ 1803లో ఫ్రెంచి ఖైదులో చనిపోయాడు. 1804 జనవరి 1న హైతీ స్వతంత్రమైంది. మనసు పొంగే మాటే. కానీ వీరుల కథలతో నాకున్న పేచీ కూడా ఇక్కడే. గెలుపు దగ్గర 'శుభం' కార్డు పడుతుంది. సంసారం మాత్రం ఆ మర్నాడే మొదలవుతుంది!

"అంత సాధించినవాళ్లు ఇవాళ ఇంత బీదగా ఎందుకున్నారండీ?" అని ఒకావిడ అడిగింది. "చేతకాక," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

చేతకాక కాదండీ, అప్పు వల్ల. 1825లో ఫ్రాన్సు యుద్ధనౌకల్ని పంపి, తోటల యజమానుల నష్టానికి 15 కోట్ల ఫ్రాంకులు కట్టమంది. ఆ నష్టం లెక్కలో బానిసల ఖరీదు కూడా ఉంది. అంటే తమ ఒంటికి తామే వెల కట్టాలన్నమాట! 1838లో 9 కోట్లకు తగ్గించారు. మొదటి వాయిదాకే డబ్బు చాలక, ఫ్రెంచి బ్యాంకుల దగ్గరే అప్పు చేశారు. ఆ అప్పు తీర్చడానికి మళ్లీ అప్పు. ఆ తీగ తెగింది 1947లో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన ఏడు.

ఇది మనకు అర్థంకాని సంగతేం కాదు. తాత చేసిన అప్పుకి మనవడు దొర దగ్గర జీతం ఉండటం తెలంగాణ పల్లెలు ఎరిగిందే. వెట్టిచాకిరీని రద్దు చేస్తూ దేశమంతటికీ చట్టం వచ్చింది 1976లోనే కదా! అలా జీతం ఉన్నవాణ్ణి సోమరి అంటే ఊరుకుంటామా? మరి హైతీని ఎలా అంటాం?

ఇలాంటి బొమ్మలు మన పేటల్లో ఇంకా వెయ్యాలి. తప్పక చూడండి, పిల్లల్ని కూడా తీసుకెళ్లండి. కాకపోతే, బొమ్మ అవగానే కుర్చీలు సర్దెయ్యకుండా మరో అరగంట కూర్చుని ఆ మర్నాటి పద్దు కూడా చెప్పుకోవాలి. ఇంటి పద్దులు రాసే మనకంటే బాగా ఆ లెక్క ఎవరు చెప్పగలరు?