మీటరు చూపించని కిలోమీటర్లు

"సర్వీసుకి ఇంకా రెండు వేల కిలోమీటర్లుంది కదన్నా, ఇప్పుడే ఎందుకు?" కువైట్‌లో తోటి డ్రైవర్లు నన్ను తరచూ అడిగే మాట ఇది. ఆయిల్ మార్చినప్పుడు గ్యారేజీవాళ్లు అద్దం మూలన అంటించిన చీటీ చూపిస్తారు. పదివేలకి రమ్మని దాని మీద రాసుంటుంది. మీటరు ఎనిమిది వేలు కూడా దాటలేదు. వాళ్ల లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ లెక్క ఈ దేశానికి సరిపోదని నేను వాదిస్తాను.

ఇంటి డ్రైవర్ రోజు ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే పిల్లల్ని సాల్మియాలోనో హవల్లీలోనో బడి దగ్గర దించాలి. తర్వాత మామాను (ఇంటి యజమానురాలిని) జమియాకి, అంటే పేటలోని సహకార దుకాణానికి తీసుకెళ్లి, ఆమె సరుకులు కొనేదాకా బయట కాచుకోవాలి. మధ్యాహ్నం బడి వదిలేవేళకి ముందే పోయి బండి వరుసలో నిలబెట్టకపోతే చోటు దొరకదు. రాత్రి బాబా (ఇంటి యజమాని) దీవానియాలో, అంటే మగవాళ్లు కూడే గదిలో, కబుర్లు చెప్పుకుంటుంటే మనం సందులో బండిలో కూర్చుంటాం. ఇంతసేపూ ఇంజిన్ ఆగదు. ఆపమని నేను చెప్పను. జూన్ ఎండలో ఏసీ లేకుండా బండిలో కూర్చోవడం మనిషి వల్ల కాదు. పైగా పెట్రోలు చవక. 2016 సెప్టెంబరులో ధరలు పెంచాక కూడా మామూలు పెట్రోలు లీటరు 85 ఫిల్సులే, మన డబ్బులో పాతిక రూపాయలకి అటూ ఇటూ. దానివల్ల ఇంజిన్ ఆపాలన్న ఆలోచనే రాదు.

చక్రం తిరగని ఆ గంటల్లో మీటరు కదలదు. లోపల పిస్టన్లు ఆడుతూనే ఉంటాయి, ఆయిల్ కాగుతూనే ఉంటుంది. అమెరికాలో పోలీసు కార్లదీ ఇదే బతుకు, గంటల తరబడి ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంటాయి. వాటి కోసం ఫోర్డ్ కంపెనీ ఒక లెక్క కట్టింది. ఇంజిన్ గంటసేపు ఊరికే నడిస్తే 33 మైళ్లు, అంటే సుమారు 53 కిలోమీటర్లు తిరిగినట్టే. రోజుకి రెండు గంటల చొప్పున నెలకి 26 రోజులు ఇలా నిలబెట్టారనుకోండి. ఒక్క నెలలోనే 2,750 కిలోమీటర్ల అరుగుదల. నాలుగు నెలలకి 11,000. ఈలోగా ఇంటికీ బడికీ మధ్య బండి నిజంగా తిరిగింది ఐదారు వేలు ఉంటుందేమో. చీటీ మీద గడువు ఇంకా మిగిలే ఉంటుంది, ఆయిల్‌లో సత్తువ మాత్రం ఉండదు.

కంపెనీలకి ఇది తెలియక కాదు. డ్యాష్‌బోర్డు డబ్బాలో ఎవరూ తెరవని పుస్తకం ఒకటుంటుంది. అందులో మామూలు సర్వీసు పట్టికతో పాటు కఠినమైన వాడకానికి వేరే గడువులు ఇస్తారు. దుమ్ము రోడ్లు, విపరీతమైన ఎండ, చిన్న చిన్న దూరాలు, ఆగుతూ సాగే ట్రాఫిక్, ఎక్కువసేపు ఇంజిన్ ఆన్‌లో పెట్టి నిలబెట్టడం. ఇలాంటివి ఉంటే ఆయిల్ త్వరగా మార్చమంటుంది, చాలా కార్లకి సగం దూరానికే. సాయంత్రం ఫోర్త్ రింగ్ రోడ్డు మీద ఇరుక్కున్న ఏ బండిని చూసినా ఈ ఐదూ వర్తిస్తాయి. అందుకే నేను పదివేల చీటీని ఐదు వేలుగా చదువుకుంటాను. ఐదు వేలు తిరగకపోయినా నాలుగు నెలలకి ఆయిల్ మార్పిస్తాను.

ఇక ఎండ సంగతి. 2016 జూలై 21న ఇక్కడి మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. ఆసియాలో అదే అత్యధికమని ప్రపంచ వాతావరణ సంస్థ 2019లో ధ్రువీకరించింది. నిలబడ్డ బండికి ఎదురుగాలి ఉండదు. రేడియేటర్ ముందే ఏసీ కండెన్సర్ ఉంటుంది కాబట్టి ఆ వేడి కూడా దాని మీదికే వస్తుంది. అంత వేడినీ ఫ్యానొక్కటే బయటికి లాగాలి. అలాంటి రేడియేటర్‌లో వట్టి కొళాయి నీళ్లు పోసి తిప్పేవాళ్లున్నారు. "ఇదేమన్నా మంచు దేశమా, కూలెంట్ ఎందుకు?" అంటారు. గడ్డకట్టకుండా ఆపడం కూలెంట్ చేసే పనుల్లో ఒకటి మాత్రమే. నీళ్లు త్వరగా మరగనివ్వదు, లోపల తుప్పు పట్టనివ్వదు. మనకి కావలసినవి ఆ రెండే.

దుమ్ము తుఫాను వచ్చి వెళ్లిన మర్నాడు నేను చేసే మొదటి పని బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ చూడడం. డబ్బా క్లిప్పులు తీసి ఫిల్టర్‌ని పైకెత్తి, అంచు నేలకి తగిలేలా మెల్లగా తట్టండి. ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తటి మట్టి రాలుతుంది. కాగితం మడతలు వెలుగుకి పెట్టి చూస్తే కాంతి కనిపించాలి. కనిపించకపోతే కొత్తది వేయాల్సిందే. బంచర్ (పంక్చర్) షాపులో కంప్రెసర్ గాలి కొట్టించేవాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. శుభ్రంగా ఉన్న వైపు నుంచి మురికి వైపుకి, తక్కువ ప్రెజరుతో కొట్టించాలి. ఎదురు కొడితే మట్టి మడతల్లోకి ఇంకా దిగుతుంది, కాగితం చిరిగితే ఆ మట్టంతా నేరుగా ఇంజిన్‌లోకే పోతుంది.

బ్యాటరీ ముందుగా కబురు పెట్టి చావదు. దాన్ని తినేసేది చలి అనుకుంటాం కానీ అసలు శత్రువు వేడే. లోపలి నీరు ఆవిరైపోతుంది, పలకలు తుప్పు పట్టి పాడవుతాయి. రెండో వేసవి దాటిన బ్యాటరీని నేను నమ్మను, ముందే పరీక్ష చేయిస్తాను. టైర్ల విషయంలో మనవాళ్లలో ఒక అపోహ ఉంది. ఎండకి గాలి పెరుగుతుందని కాస్త తగ్గించి కొట్టించుకుంటారు. గాలి తక్కువున్న టైరు పక్కలు నలిగి ఇంకా వేడెక్కుతాయి, వఫ్రా తోటలకి పోయే దారిలో వేగం మీద పేలేవి చాలావరకు అలాంటివే. డ్రైవర్ తలుపు దగ్గర అంటించిన చీటీలో ఎంత రాసుంటే అంత, పొద్దున్నే బండి కదలకముందు కొట్టించండి. టైరు పక్కన ఉండే తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు కూడా చూడండి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం.

ఇవన్నీ తెలిసినా డబ్బు మన చేతిలో ఉండదు. బాబాని అడిగితే "బాచిర్, ఇన్షాల్లా" అంటారు. బాచిర్ అంటే రేపు. ఆ రేపు ఎప్పటికో వస్తుంది. బండి నడుస్తూనే ఉంది కదా అన్నది ఆయన ధీమా. ఈలోగా ఇంజిన్ పట్టేస్తే మాత్రం మాట పడేది డ్రైవరే, కొందరికి జీతంలో కోత కూడా. కాబట్టి నోటిమాట మీద ఆధారపడకూడదు. నా బండిలో చిన్న నోటు పుస్తకం ఉంటుంది. తేదీ, మీటరు రీడింగు, మార్చిన వస్తువు, బిల్లు మొత్తం తెలుగులోనే రాసుకుంటాను. అదే రోజు మీటరుదీ బిల్లుదీ ఫోటో తీసి బాబా వాట్సాప్‌కి పంపుతాను. సర్వీసు అడగాల్సి వచ్చినప్పుడు కంపెనీ పుస్తకంలో ఆ పేజీ తెరిచి చూపిస్తాను. డ్రైవర్ మాట పట్టించుకోని బాబా కూడా కంపెనీ రాసింది చదివితే గ్యారేజీలుండే షువైక్ వెళ్లిరమ్మంటాడు.

దఫ్తర్ (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) రెన్యువల్‌కి ఫహస్ (బండి తనిఖీ) పాసైంది కదా అని నిశ్చింతగా ఉండే అన్నలకి ఒక మాట. అక్కడ బ్రేకులు, లైట్లు, టైర్లు చూస్తారు. ఆయిల్ ఎన్నాళ్ల కిందటిదో, కూలెంట్ ఉందో నీళ్లున్నాయో చూడరు. అది మనమే చూసుకోవాలి. ఎండలు ముదరకముందే, మే నెల దాటకుండా ఆయిల్, కూలెంట్, ఫిల్టర్, బ్యాటరీ, టైర్లు చూపించండి. చూపించిన తేదీ, మీటరు రీడింగు ఆ రోజే రాసిపెట్టుకోండి.