మైనస్‌లు కలిపారా?

మార్కాపూర్ రోడ్, గిద్దలూరు స్టేషన్లలో పసుపు బోర్డు మీద ఊరి పేరుతో పాటు సముద్రమట్టం నుంచి ఎత్తు రాసి ఉంటుంది. ఈ మెట్ట సీమకు సముద్రం ఎంతో దూరం. అయినా రెండు ఊళ్లనూ అక్కడి నుంచే కొలిచారు కాబట్టి ఏది ఎంత మిట్టో చెప్పగలుగుతున్నాం. వోల్టేజీ కూడా అంతే. తీగలో అయిదు వోల్టులున్నాయంటే, దేనికన్నా అయిదు ఎక్కువో తేలాలి.

బోరు నీళ్లే దిక్కైన మా వైపు, ట్యాంకు నిండగానే మోటారు ఆగే సర్క్యూట్ సొంతంగా కట్టుకోవాలని కుర్రాళ్లు వస్తుంటారు. వాళ్ల ఉత్సాహం చూస్తే నాకు ముచ్చటేస్తుంది. డాబా మీద సెన్సార్ బోర్డు, దానికో బ్యాటరీ. కింద ఆర్డుయినో అనే కంట్రోలర్ బోర్డు, దానికో అడాప్టర్. మధ్యన సిగ్నల్ తీగ ఒక్కటే లాగుతారు. ట్యాంకు ఖాళీగా ఉన్నా ఆర్డుయినో నిండిందంటుంది, తీగ మీద చెయ్యి వేస్తే మాట మారుస్తుంది. వాళ్లు ప్రోగ్రాంలో తప్పు వెతుకుతుంటారు. నేను అడిగేది ఒకటే: మైనస్‌లు కలిపారా?

కరెంటు వెళ్తే సరిపోదు, తిరిగి రావడానికి దారి ఉండాలి. మైనస్‌లు కలవకపోతే ఆ ఒంటి తీగ ఏరియల్‌గా మారి ఇంటి వైరింగులోని 50 హెర్ట్జ్‌ను పట్టుకుంటుంది. ఆర్డుయినో ఊనో 3 వోల్టులు దాటితే 'ఒకటి' అని, 1.5 లోపైతే 'సున్నా' అని ఖాయంగా చదువుతుంది. ఆ లెక్కంతా దాని మైనస్ నుంచే. ప్లస్‌లు మాత్రం కలపకూడదు. ఎక్కువ వోల్టేజీ సప్లై నుంచి తక్కువదానిలోకి కరెంటు తోసుకుపోతుంది.

నీటి మట్టం తెలుసుకోవడానికి ట్యాంకులో దించే కడ్డీలదీ ఇదే కథ. అన్నిటికన్నా పొడుగైనది, అడుగున మునిగి ఉండేది, కామన్. పై కడ్డీకి నీళ్లు తగిలినప్పుడు కరెంటు నీటిలోంచి ఈ కడ్డీకి చేరి తిరిగొస్తుంది. లవణాలున్న మన బోరు నీళ్లలో అది సులువుగానే పారుతుంది.

మైనస్ తీగ బదులు రెండు చోట్లా ఎర్త్ కడ్డీ పాతితే చాలదా అంటారు కొందరు. చాలదు. ఎర్త్ మనుషుల ప్రాణం కాపాడటానికి. ఈ రాతి నేలలో ఎండాకాలం తేమ ఆరితే ఆ దారికి నిరోధం పెరుగుతుంది. పైగా రెండు గుంతల మధ్యే వోల్టేజీ తేడా ఉండొచ్చు. బోర్డుకూ బోర్డుకూ తీగే కావాలి.

ఒక్కచోట మాత్రం కలపొద్దని గట్టిగా చెబుతాను. ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా, 230 వోల్టుల లైనును కెపాసిటర్‌తో తగ్గించి వాడే చవక బోర్డుల మైనస్‌లోనే షాక్ ఉండొచ్చు. అక్కడ ఆప్టోకప్లర్ పెట్టండి. ఇటు ఎల్ఈడీ వెలిగితే అటు ట్రాన్సిస్టర్ పనిచేస్తుంది. రెంటి మధ్యా వెలుగే దాటుతుంది, తీగ ఉండదు.