శరభశబ్దవిచారము

శరభ మష్టపాదమనియు, సింహమును సైతము చంపుననియుఁ బ్రసిద్ధి. ‘శౄ హింసాయామ్’ అను ధాతువున కౌణాదికమగు అభచ్ ప్రత్యయము చేరఁగా నీ పదము సిద్ధించును. వ్యుత్పత్తి హింసను దెలుపును గాని పాదసంఖ్యను దెలుపదు. ఐతరేయబ్రాహ్మణమున మేధము తొలఁగిన మేకయే శరభమైనది. పాలిజాతకమున నది లేడిజాతి. కావున మేఘసందేశమున మేఘముపైకి దుమికి యంగభంగము నొందు శరభములును సామాన్యపర్వతమృగములే యనియు, మల్లినాథుని యష్టపాదవ్యాఖ్య యనావశ్యకమనియుఁ గొంద ఱనవచ్చును. అది పొసఁగదు. నిష్ఫలయత్నులు పరిభవింపఁబడుదురనుట యచటి యర్థాంతరన్యాసము. అల్పమృగ మోడుటలో వింత లేదు. సింహఘాతుకమే వడగండ్లకుఁ జెదరినచో నా నీతికిఁ బుష్టి. భారతశాంతిపర్వమునను ముని యనుగ్రహమున శరభమైన కుక్క, యా మునినే చంపఁదలఁచి మరలఁ గుక్కయైనది. గర్వభంగమే యీ మృగచరిత్రమునకు సారము. ఎనిమిది పాదముల మృగము వనమున లేకున్నను గావ్యమునఁ గలదు. వ్యాఖ్యాత వెదకవలసినది కావ్యముననే.