పాత ఓపెన్‌టాప్ జీపు: ఎంపిక, రోగాలు, మరమ్మతు

టాపు విప్పి నడిపే పాత బండి అంటే తెలంగాణలో ముందుగా గుర్తుకు రావలసింది రాజుల కార్లు కాదు, జీపు. హైదరాబాదు చౌమహల్లా ప్యాలెస్‌లో పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఒకటి ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోరి చేయించుకున్న ఆ బండి ఆయన పోయాక ఏడో నిజాం చేతికి వచ్చింది. అది తన జీవితంలో తిరిగింది 356 మైళ్లేనని చెబుతారు. జీపుకు అంత తీరిక దొరకలేదు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల వైపు పోలీసులు, తహసీల్దార్లు, వ్యవసాయ శాఖ వాళ్లు దశాబ్దాల పాటు తిరిగింది దానిమీదే. శాఖలు వదిలించుకున్న బండ్లు వేలంలో రైతుల ఇళ్లకు, పెళ్లి ఊరేగింపులకు, ఎన్నికల ప్రచారానికి చేరాయి. బుగ్గారం లాంటి మండలంలో సేకరణకు తగిన పాత బండి దొరికితే అది పశువుల కొట్టం పక్కన, తాడ్‌పత్రి కప్పుకొని ఉన్న జీపే అయ్యే అవకాశం ఎక్కువ.

దీని వంశం చిన్నది. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. వాటిలో ఉన్నది నాలుగు సిలిండర్ల, 2.2 లీటర్ల ‘గో డెవిల్’ ఇంజను. వాల్వులన్నీ బ్లాకులోనే, సిలిండర్ల పక్కన ఉంటాయి, బలం 60 అశ్వశక్తి. యుద్ధం తర్వాత అదే బ్లాకు మీద ఇన్‌టేక్ వాల్వులను హెడ్‌లోకి ఎక్కించి ‘హరికేన్’ ఇంజను చేశారు. ఎత్తు పెరిగిన ఇంజను పాత బానెట్ కింద పట్టలేదు. అందుకని 1953లో ఎత్తు బానెట్‌తో వచ్చిందే సీజే-3బీ. మహీంద్రా సంస్థ 1940ల చివర్లో బొంబాయిలో విడిభాగాలు తెప్పించి జీపులు బిగించడం మొదలుపెట్టి, తర్వాత ఈ సీజే-3బీని ఇక్కడే తయారుచేసింది. మన ఊళ్లలో కనిపించే పాత పెట్రోలు జీపుల్లో ఎక్కువ భాగం ఈ కోవవే. విదేశాల్లో సేకర్తలు వెతికి కొనుక్కునే బండి మన దగ్గర పాత సామాన్ల లెక్కలో అమ్ముడుపోయింది!

టాపు లేని బండిలో మొదట చూడవలసింది ఛాసిస్. నేటి కార్లలో బలమంతా ఒంట్లోనే ఉంటుంది, పైకప్పు కూడా అందులో భాగమే. అలాంటి కారుకు కప్పు కోస్తే నడుము వంగి తలుపులు పట్టేస్తాయి. జీపుకు ఆ బాధ లేదు. నిచ్చెన లాంటి ఉక్కు చట్రం మీద బాడీ వేరుగా కూర్చుంటుంది. ఉదయం టాపు ఊడదీసినా, సాయంత్రం అద్దం ముందుకు పడుకోబెట్టినా చట్రానికి తేడా తెలియదు. కాబట్టి కొనేటప్పుడు రంగు, సీట్లు, బంపర్లు చూసి మురిసిపోవడం కంటే ఆ చట్రం కిందకు దూరి చూడటం మేలు. స్ప్రింగుల హ్యాంగర్ల దగ్గర పగుళ్లు, వెల్డింగు అతుకులు, లోపల పేరుకున్న మట్టి వెనక తినేసిన ఇనుము అక్కడే బయటపడతాయి. ఒక చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి బాడీ మీద జరిపితే అది పట్టనిచోట రంగు కింద ఉన్నది రేకు కాదు, పుట్టీ అని అర్థం. యుద్ధకాలపు జీపుల్లో నేల రేకు కింది దూలాల్లో చెక్క బద్దలు దట్టించేవారు. అవి నీళ్లు పీల్చుకుని, పైకి ఏమీ కనబడకుండానే రేకును కింద నుంచి తినేస్తాయి.

ఛాసిస్‌తో పాటు తప్పక సరిచూడవలసినవి నంబర్లు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్‌సీలో ఉన్న వాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఇంజను బాగుచేయించుకోవచ్చు, బాడీ కొట్టించుకోవచ్చు. కలవని నంబరును మాత్రం ఏ మేస్త్రీ బాగుచేయలేడు.

ఓపెన్ బండికి రోడ్డు కంటే ఎండావానలే పెద్ద శత్రువులు. నూలు కాన్వాసు టాపు తడిసినప్పుడు దారాలు ఉబ్బి కుట్టు రంధ్రాలను మూసేస్తాయి. అందుకే కొత్త టాపు కుట్టించాక రెండు మూడు సార్లు బాగా తడిపి ఆరబెట్టాలి. అలా చేయకపోతే మొదటి వానకే కుట్ల వెంట నీళ్లు కారతాయి, నేరం దర్జీ మీద పడుతుంది. తడి టాపును మడతపెడితే బూజు పడుతుంది. సబ్బుతో రుద్దితే నీళ్లను ఆపే మైనం పోతుంది. మెత్తని బ్రష్షుతో దులిపి ఉత్త నీళ్లతో కడగడమే దానికి సరైన సేవ. రెగ్జిన్ టాపు చవకే. కానీ మన ఎండలకు అది గట్టిపడి మడతల దగ్గర పగులుతుంది.

నిలిపే చోటు గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పశువుల కొట్టంలో మూత్రం నుంచి లేచే అమోనియా రాగి, ఇత్తడి భాగాలను తింటుంది. కార్బొరేటరు జెట్లు, వైర్ల కొసలు, రేడియేటరు అన్నీ ఆ జాతివే. వరిగడ్డి వాము పక్కన నిలిపితే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. గాలి ఆడే పొడి చావడి, చక్రాల కింద బండలు ఉంటే అంతకు మించి ఏమీ అక్కరలేదు.

ఇక రోగాలు. పాత పెట్రోలు ఇంజను మొరాయిస్తే ఎక్కువ మంది ముందుగా కార్బొరేటరు విప్పుతారు. చాలాసార్లు అదే పొరపాటు. వెతకడానికి ఒక వరస ఉంది: ముందు కరెంటు, తర్వాత పెట్రోలు, చివరికి ఇంజను లోపలి భాగాలు. కరెంటులోనూ మొదలు బ్యాటరీ కాదు, ఎర్త్. రంగు వేసినప్పుడు ఎర్త్ పట్టీ కింద కూడా రంగు పడుతుంది, దానికి తుప్పు తోడవుతుంది. సెల్ఫ్ కొడితే ‘టక్’మని ఊరుకునే జీపుల్లో చాలా వాటికి కొత్త బ్యాటరీ అవసరం లేదు. పట్టీ విప్పి లోహం మెరిసేదాకా గీకి బిగిస్తే చాలు. యుద్ధకాలపు జీపులు 6 వోల్టులవి. ఆ తక్కువ వోల్టేజి దగ్గర చిన్న అవరోధం కూడా పెద్ద నష్టమవుతుంది. వాటికి 12 వోల్టుల సన్న వైర్లు వేస్తే సెల్ఫ్ ఎప్పటికీ నీరసంగానే తిరుగుతుంది.

తర్వాత నిప్పురవ్వ. డిస్ట్రిబ్యూటరు నడినుంచి వచ్చే కాయిల్ వైరును పొడిగుడ్డతో పట్టుకుని, కొసను బ్లాకుకు సుమారు 6 మిల్లీమీటర్ల దూరంలో ఉంచి ఇంజను తిప్పించాలి. అంతకుముందు చుట్టుపక్కల పెట్రోలు చుక్క కూడా లేకుండా తుడవాలి. నీలంగా, చిటపటమని దూకితే కాయిల్ వరకు బాగున్నట్టే. పసుపుగా, సన్నగా వస్తే కాంటాక్ట్ పాయింట్లు చూడాలి. వాటి మధ్య సందు 0.5 మిల్లీమీటరు ఉండాలి. ప్లగ్గుల సందు సుమారు 0.75. పాయింట్లు గీకి సరిచేసిన కొద్ది రోజులకే మళ్లీ నల్లబడి గుంటలు పడుతుంటే తప్పు వాటిది కాదు, పక్కనున్న చిన్న కండెన్సరుది. డిస్ట్రిబ్యూటరు విప్పి మళ్లీ బిగించేటప్పుడు ఫైరింగు వరస 1-3-4-2 అని మరవకూడదు. రెండు వైర్లు తారుమారైతే ఇంజను దగ్గుతుంది, వెనక్కి పేలుతుంది. దాన్ని చూసి వాల్వులు పోయాయనుకుని హెడ్ విప్పిన వాళ్లూ ఉంటారు.

నిప్పు బాగుంటే పెట్రోలు వైపు రావాలి. పంపు మీది గాజు గిన్నెను చూస్తే చాలావరకు తెలిసిపోతుంది. అడుగున ముత్యాల్లా కదిలే చుక్కలుంటే అవి నీళ్లు. ఎర్రటి పొడి ఉంటే ట్యాంకు లోపల తుప్పు పట్టింది. అప్పుడు కార్బొరేటరు ఎన్నిసార్లు కడిగినా వారం తిరక్కుండా మళ్లీ అదే కథ.

ఎండకాలంలో ఇంకో రోగం వస్తుంది. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నం బాగా నడిచిన బండి, చాయ్ తాగడానికి పది నిమిషాలు ఆపాక మళ్లీ కదలదు. సాయంత్రం చల్లబడ్డాక ఏమీ జరగనట్టు స్టార్ట్ అవుతుంది. ఇది ఆవిరి అడ్డం. జీపు పెట్రోలు పంపు ఇంజను మీద, ఎగ్జాస్టుకు దగ్గరగా ఉండి, సీటు కింది ట్యాంకు నుంచి పెట్రోలును పీలుస్తుంది. పీల్చే గొట్టంలో ఒత్తిడి తక్కువ కాబట్టి అక్కడ పెట్రోలు మామూలు కంటే తక్కువ వేడికే మరుగుతుంది. పంపు ద్రవాన్ని లాగగలదు గానీ ఆవిరిని లాగలేదు. పంపు మీద తడిగుడ్డ వేసి కాసేపు ఆగితే బండి కదులుతుంది. శాశ్వతంగా పోవాలంటే గొట్టాన్ని ఎగ్జాస్టుకు దూరంగా తిప్పి, మధ్యలో వేడి ఆపే రేకు బిగించాలి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాత పంపు డయాఫ్రమ్, రబ్బరు గొట్టాలు దానికి తట్టుకునేలా చేసినవి కావు. అవి మెత్తబడి ఉబ్బుతాయి, చివరికి కారతాయి. పైగా ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. నెలల తరబడి కదలని బండిలో ఆ నీరు ట్యాంకు అడుగుకు చేరుతుంది. కాబట్టి ఇథనాల్ తట్టుకునే రబ్బరు వేయించడం, పండక్కి ఒకసారి తీసే బండిలో ట్యాంకు నిండా పాత పెట్రోలు ఉంచకపోవడం నేటి యజమాని కొత్తగా నేర్వవలసిన జాగ్రత్తలు.

వేడెక్కడానికి మనవైపు మామూలు కారణం బోరు నీళ్లు. వాటిలోని ఉప్పులు బ్లాకు లోపల, రేడియేటరు సన్నగొట్టాల్లో గారలా పేరుకుంటాయి. పట్టి ఉంచిన వాన నీళ్లు, లేదా బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంటు కలిపి పోయాలి.

స్టీరింగు 40, 50 వేగం దగ్గర భయంకరంగా ఊగితే చక్రాల బ్యాలెన్సింగుతో సరిపెట్టుకోకుండా కింగ్‌పిన్ బేరింగుల వదులు చూడాలి. బ్రేకులన్నిటికీ ఒకటే గొట్టం దారి. ఎక్కడ కారినా నాలుగు చక్రాల బ్రేకులూ పోతాయి. చేతి బ్రేకు పనిచేసేది చక్రాల మీద కాదు, వెనక ప్రొపెల్లర్ షాఫ్టు మీద. వేగంలో గుంజితే గేర్ల మీద దెబ్బ పడుతుంది. ఒర్రె దాటాక డ్రమ్ములు తడిసి బ్రేకు పట్టదు, మెల్లగా నడుపుతూ రెండు మూడుసార్లు తొక్కి ఆరబెట్టుకోవాలి. ఫోర్‌వీల్ బురదకే. తారు రోడ్డు మీద వేసి మలుపులు తిప్పితే ముందు వెనక షాఫ్టులు ఒకదానితో ఒకటి పెనుగులాడి ట్రాన్స్‌ఫర్ గేర్లు అరుగుతాయి.

ఈ జీపులకు జరిగిన పెద్ద నష్టం తుప్పు వల్ల కాదు, లెక్క వల్ల. పెట్రోలు ఖర్చు భరించలేక చాలామంది హరికేన్ ఇంజను దించి డీజిల్ ఇంజను ఎక్కించారు. ఆనాటి అవసరానికి అది తప్పు కాదు. కానీ 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు ఆ పనికి వెల కట్టాయి. తొలి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన సొంత వాహనం ఛాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉంటేనే వింటేజ్ గుర్తింపుకు అర్హం. కొత్త రిజిస్ట్రేషన్‌కు రుసుము 20 వేల రూపాయలు, గడువు పదేళ్లు. నంబరు ప్లేటు మీద రాష్ట్రం కోడ్ పక్కన ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. అలాంటి బండిని రోజువారీ పనులకు, కిరాయికి తిప్పకూడదు. ప్రదర్శన, ర్యాలీ, పరిశోధన, పెట్రోలు పోయించడం, మరమ్మతు వంటి వాటికే రోడ్డెక్కించాలి. రోజూ పొలానికి వెళ్లే జీపుకు ఈ ప్లేటు పనికిరాదు. దానికి మామూలు ఆర్‌సీ పొడిగింపే దారి.

డీజిల్ ఎక్కించిన జీపు ఉన్నవాళ్లకు ఒక మనవి. దించిన పాత పెట్రోలు ఇంజను ఇంకా ఏ మూలనైనా పడి ఉంటే తూకానికి అమ్మేయకండి. ప్లగ్గులు విప్పి నాలుగు సిలిండర్లలోనూ కొంచెం నూనె పోసి, ప్లగ్గులు మళ్లీ బిగించి, గోనె కప్పి చెక్క మీద ఎత్తి ఉంచండి. దాని బ్లాకు మీద ఉన్న నంబరు బండితో పుట్టినది, మరోటి కొనుక్కునేందుకు దొరకదు.