పెంపుడు బిడ్డల దీవి

మారిషస్ తల్లి నిప్పులో పుట్టింది. ఆమె ఆగ్నేయపు అంచున, మాయెబూర్ తీరానికి కిలోమీటరైనా లేని దూరంలో ఒరిగి ఉన్న నువ్వు నీళ్ళలో పుట్టావు. చల్లారిన లావా కాదు నీ ఒళ్ళు. కంటికి ఆనని కోటానుకోట్ల పగడపు ప్రాణులు బతికినన్నాళ్ళూ సున్నాన్ని కూడబెట్టి, పోతూ పోతూ అలల చేతికి అప్పగించిపోయిన ఆస్తివి నువ్వు. ఆ ఆస్తిని అల అరగదీసింది, ఎండ తెల్లబరిచింది, గాలి గట్టిపరిచింది, ఉప్పు ఉలియై చెక్కింది. ఈల్ ఓ జెగ్రెత్! 26 హెక్టార్ల తల్లీ! మా గోదావరి సీమలో ఒక మోతుబరి కమతమంత ఉంటావేమో. అంతలోనే ఎంత అడవిని దాచుకున్నావు! ఎన్ని చావులు మోశావు! ఎన్ని కాన్పులకు మంత్రసానివైనావు!

నీ చుట్టూ నీలానికి ఎన్ని వన్నెలు! ఒడ్డున పాలనీలం, నాలుగు తెడ్డులు వేస్తే పచ్చనీలం, పగడపు దిబ్బ మీద నురుగుల నవ్వు, దాని ఆవల హిందూ మహాసముద్రపు ఇంద్రనీలం. ఆగ్నేయం నుంచి వచ్చే గాలి ఏడాది పొడవునా నీ చెట్ల తలలు దువ్వి దువ్వి ఒకే వైపుకు ఒంచేసింది. నీ మీద కాలు పెట్టినవాడికి ముందు తగిలేది మన్ను కాదు, మొన. రంపపు పళ్ళలాంటి రాయి. ఆ రాతి నెర్రెలో రాలిన ఆకు కుళ్ళి గుప్పెడు నలుపవుతుంది. ఆ నలుపులో ఒక వేరు దిగుతుంది. ఆ వేరు మీద ఒక వనం నిలుస్తుంది. ఇంత తక్కువతో ఇంత ఇచ్చిన నేలను నేను మరెక్కడా ఎరగను.

నీ ఎబొనీ మానును ఏమని పొగడను! మా అడవుల్లో తునికి చెట్టుంది. ఎండాకాలం తెల్లవారుజామున ఆకు కోసి, కట్టలు కట్టి, బీడీలకు అమ్ముకునే చెట్టు. నీ ఎబొనీ దానికి చెల్లెలి వరస. పైకి బూడిద పూసుకున్న జోగిని, లోపల కాటుక కరిగించి పోసిన చేవ. ఏళ్ళకు ఏళ్ళు నిలబడినా వేలెడు లావెక్కదు. తొందర అన్నది దాని జన్మలో లేదు. ఆ తొందర లేనితనమే దానికి శాపమైంది. 1598లో డచ్చి ఓడలు ఆ తీరానికి వచ్చాయి. నల్ల చేవను చూసిన కళ్ళు మరి నిద్రపోలేదు. గొడ్డలి వెంట గొడ్డలి, దుంగ వెంట దుంగ, ఓడ వెంట ఓడ. ఎక్కడో దూరదేశపు దివాణాల్లో నునుపైన బీరువాలై, పెట్టెలై మెరవడానికి నీ తల్లి తీరమంతా నల్లని నెత్తురు ఓడ్చింది. నీ ఎబొనీ శాస్త్రనామంలో నీ పేరే నిలిచింది. పేరు నిలిచినన్నాళ్ళు చెట్టు నిలుస్తుందో లేదోనని భయపడవలసిన రోజులు కూడా వచ్చాయి.

అంతటితో ఆగిందా? ఎగరడం మరిచిపోయేంత నెమ్మదిగా బతికిన డోడో పోయింది. ఆకులు మేస్తూ, నీడలు మారుస్తూ తిరిగిన రెండు జాతుల పెద్ద తాబేళ్ళు పోయాయి. ఓడ తాళ్ళ వెంట ఎలుకలు దిగాయి, మనుషుల వెంట పిల్లులు దిగాయి. రెండో ప్రపంచయుద్ధం నీ వెన్ను మీద ఫిరంగులను కూడా కూర్చోబెట్టింది. పొదల వెనక, ముళ్ళ మాటున, ఎవరికీ అక్కర్లేని మూలల్లో మాత్రం పాత అడవి పేగు తెగకుండా ఊపిరి బిగపట్టుకుని ఉంది.

ఇక్కడ నీకొక చుట్టరికం చెప్పుకోవాలి. నీ తల్లి నేల మీద అడవి పోయిన చోట చెరకు నిలిచింది. ఆ చెరకు నాటిన చేతుల్లో మా చేతులూ ఉన్నాయి. గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ చెట్ల నీడన ఉన్న కోరంగి రేవు నుంచి ఓడలెక్కి మావాళ్ళు ఒప్పందపు కూలీలుగా మారిషస్ చేరారు. ఊరు వదిలారు, పేగు వదిలారు. రాముణ్ణీ సింహాద్రి అప్పన్ననూ మాత్రం మూట కట్టుకుని తెచ్చుకున్నారు. పరాయి మట్టి వాళ్ళను పెంచుకుంది. ఇవాళ ఆ దేశంలో ఉగాదికి ప్రభుత్వం సెలవిస్తుంది. పుట్టనిచోట వేరు పట్టడం ఎంత కష్టమో, వేరు పట్టాక ఆ నేలకు ఎంత రుణపడతామో మా కోరంగివాళ్ళకు తెలుసు. ఆ చుట్టరికంతోనే నిన్ను ఇంత చనువుగా నువ్వు అంటున్నాను.

1965లో నిన్ను అభయారణ్యం అన్నారు. అంటే చాలదు కదా! 1980లలో మారిషియన్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ మనుషులు వచ్చి నీ దగ్గర మోకరిల్లారు. నిజంగానే మోకాళ్ళ మీద కూర్చున్నారు, కలుపు తీయడానికి. మా కృష్ణా, ప్రకాశం జిల్లాల్లో రైతులు కాగితపు మిల్లులకు పెంచి అమ్ముకునే సుబాబుల్ ఉంది చూడు, ఆ చెట్టే నీ మీద పగబట్టిన దాయాదిలా పాకింది. ఒకచోట అన్నం పెట్టే చెట్టు మరోచోట గొంతు నులుముతుంది. దాన్ని పెరికారు. పెరికిన చోట గింజ మళ్ళీ లేచింది, మళ్ళీ పెరికారు. నారుమడిలో నీ సొంత చెట్ల గింజలు నానబోసి, మొలకెత్తించి, ఒక్కొక్క మొక్కనూ పసిబిడ్డ తల పట్టుకున్నట్టు పట్టుకుని రాతి నెర్రెలో నిలబెట్టారు. ఎలుక అన్నది లేకుండా చేశారు. ఆ కలుపు తీతను నేను పూజ అంటాను. గంట మోగదు, హారతి వెలగదు. వంగిన నడుమే నైవేద్యం.

అప్పుడు వచ్చింది గులాబీ పావురం. రొమ్ము మీద తెల్లవారుజాము రంగు, రెక్క మీద మాగిన ఆకు రంగు, తోక మీద ఎర్రమట్టి రంగు. 1990ల మొదట్లో అడవిలో మిగిలినవి పదికి అటూ ఇటూ. అడవిలో ఒక వంశం పది గుండెల మీద ఊగింది! వేల్స్ నుంచి వచ్చిన కార్ల్ జోన్స్ అనే పక్షి ప్రేమికుడూ, జెర్సీలో జెరాల్డ్ డరెల్ పెట్టిన జంతుశాల మనుషులూ ఆ పది గుండెలను గుండెకు హత్తుకున్నారు. గుడ్లను మామూలు పెంపుడు గువ్వల కింద పెట్టి పొదిగించారు. ఆ గువ్వ తల్లులు ‘ఎవరి బిడ్డ’ అని అడగలేదు. పాలు పోశాయి, రెక్క కప్పాయి, ఎగరనిచ్చాయి. 1994లో ఆ వంశపు పిల్లలు నీ కొమ్మల మీదికి వచ్చాయి. ఇప్పుడు మారిషస్ అంతటా కలిపి నాలుగు వందలకు పైగా రెక్కలు విప్పుతున్నాయి. నీ మీద వాటికి ఇంకా గింజలు పోస్తూనే ఉన్నారు. పోయనీ! కోలుకుంటున్న బిడ్డకు కొసరి తినిపించడం ఎవరికి చేదు?

ఓ తాబేలయ్యా, ఇక నీ వంతు. ఇక్కడ నా మాట నెమ్మదించాలి, నీ నడకను అందుకోవాలి కనుక. నువ్వు ఈ దీవికి పుట్టిన బిడ్డవు కావు. సేషెల్స్‌లోని అల్దబ్రా నీ పుట్టిల్లు. ఇక్కడి తాబేళ్ళు ఇక ఎన్నటికీ తిరిగిరావు. ఏ మంత్రం వాటిని లేపలేదు. అయితే వాటి పని మిగిలిపోయింది. మేసేవాడు లేక గడ్డి తికమకపడింది, మోసేవాడు లేక గింజ తల్లి కాళ్ళ దగ్గరే కుళ్ళింది. 2000లో నిన్ను దత్తత తెచ్చారు. వంశం నిలపడానికి తెచ్చిన దత్తుడు కర్మలన్నీ చేస్తాడు కదా, నువ్వూ చేశావు.

చూస్తున్నాను నిన్ను. ఏనుగు కాళ్ళ లాంటి కాళ్ళు రాయి మీద ఆనించి, ముడుతల మెడ సాచి, ఎబొనీ కాండాన్ని అంటిపెట్టుకుని కాసిన పండు రాలిందా అని వాసన పడతావు. పళ్ళు లేని నోటితో దాన్ని పట్టుకుని, ఒక్కసారి తల వెనక్కి లాగి, కళ్ళు సగం మూసి మింగుతావు. గడ్డం మీద పండు జిగురు మెరుస్తుంది. తుడుచుకోవు. అక్కణ్ణుంచి ఎండలోకి, ఎండ నుంచి నీడలోకి, నీడ నుంచి మరో పొదలోకి, లోకంలో ఏ పని ఉన్నట్టూ లేకుండా నడుస్తావు. రోజుల తరబడి నీ కడుపు చీకటిలో ఒక అడవి నడుస్తుంది. ఆఖరికి ఎక్కడో, గొడ్డలి ఎన్నడో బోడి చేసి వదిలేసిన చోట, నీ పేడలో ఆ గింజ దిగుతుంది. కొన్నాళ్ళకు పేడను చీల్చుకుని రెండాకులు. నీ కడుపులో పడి వచ్చిన ఎబొనీ గింజ మరింత బాగా మొలకెత్తుతోందని 2011లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. గర్భగుడి అని దేన్నంటారో నాకు ఇప్పుడు తెలిసింది. నీ డొప్ప కింది ఆ చీకటికి నా నమస్కారం.

దీవి తల్లీ, నీ దగ్గరికి రౌండ్ ఐలాండ్ నుంచి టెల్ఫేర్ నలికిరులు వచ్చాయి, నిగనిగలాడే పొలుసుల పెద్ద బల్లులు, రాలిన ఆకుల మీద సరసర. ఎర్రని తల ఎగరేస్తూ మన గిజిగాడి దూరపు చుట్టం మారిషస్ ఫోడీ వచ్చింది. కంటి చుట్టూ తెల్లని ముత్యాల వలయం దిద్దుకున్న, తేనె తాగే చిట్టి పిట్ట ఆలివ్ వైట్ ఐ వచ్చింది, పువ్వు గొంతులో ముక్కు దూర్చి ఊగింది. కూతలతో, కిచకిచలతో, గరగరలతో, గుటకలతో నీ మధ్యాహ్నాలు నిండాయి.

ఇంతలో ఆ నలుపు వచ్చింది. నీ ఎబొనీ నలుపు కాదు. 2020 జూలై 25న వకాషియో అనే ఓడ నీకు దగ్గరలో, ప్వాంత్ దేనీ ఎదుట పగడపు దిబ్బ ఎక్కి కూర్చుంది. ఆగస్టు మొదటి వారంలో దాని కడుపు పగిలి వెయ్యి టన్నుల చమురు దాకా నీళ్ళలో కలిసింది. అల తెచ్చి నీ అంచులకు పూసింది. నీ నీలాలన్నీ జిగట అయ్యాయి. తల్లీ, ఆ రోజుల్లో నీ కోసం జనం కదిలిన తీరు తలుచుకుంటే నాకు కంఠం పూడుకుపోతుంది. ఎండిన చెరకు ఆకును గుడ్డ సంచుల్లో కూరారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు జుట్టు కత్తిరించి ఇచ్చారు. వాటిని తాళ్ళతో కుట్టి నీళ్ళ మీద కట్టలుగా పరిచారు. ఏ చెరకు కోసం నీ తల్లి అడవి పోయిందో ఆ చెరకే నీకు అడ్డం నిలబడింది! నారుమడి మొక్కలను పడవలకెత్తారు. కొన్ని ఫోడీలను, కొన్ని వైట్ ఐలను బుట్టల్లో పెట్టి అవతలి ఒడ్డుకు చేర్చారు. నీ ఇరుగుపొరుగు దిబ్బల మీది చిన్నచిన్న బల్లులు విమానమెక్కి జెర్సీ దాకా వెళ్ళాయి. కాపాడుకోవలసినది ఏదో తెలిసిన జనానికి తడబాటు ఉండదని ఆ తీరాన చూశాం.

ఇంకా రావలసినవాళ్ళున్నారు. ఓ కడలి పక్షుల్లారా, మిమ్మల్నే! మీరు గుంపులుగా వాలే దీవికి మీ రెట్టే ఎరువు. ఎక్కడో నడిసంద్రంలో పట్టిన చేప నేల మీద ఆకుగా మారుతుంది. ఈ రాయికి ఆ సిరి కరువైంది. అందుకే వేరే దీవుల గూళ్ళ నుంచి మీ పసికూనలను తెచ్చి, ఇక్కడ చేత్తో చేపముక్కలు తినిపించి, రెక్కలొచ్చేదాకా సాకి సంద్రం మీదికి వదిలారు. ఏ రాతి మీద నుంచి తొలిసారి ఎగిరితే ఆ రాతినే పుట్టిల్లనుకునే జాతి మీది. ఏళ్ళు తిరగండి, తుపానులు దాటండి, మీనాలు మింగండి, జంటలు కట్టండి. ఆపైన రండి! ఎర్ర తోక ఈక జెండాలా ఊపుతూ రండి, అరుస్తూ, కొట్లాడుకుంటూ, సందు సందునా చోటు ఆక్రమిస్తూ రండి. పెంచిన చేతులు గట్టున నిలబడి లెక్కపెట్టలేనంతమంది రండి. వచ్చి ఈ తెల్లరాయి మీద రెట్టల వాన కురిపించండి, ఎబొనీ మొక్క ఆకలిగా ఉంది!