చెయ్యి వెనక పని

మన దగ్గర ‘వాడు నాకు హ్యాండ్ ఇచ్చాడు’ అంటే, వస్తానని నమ్మించి ఆఖరి నిమిషంలో ముఖం చాటేశాడని అర్థం. ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవాళ్లకు ఇది తలకిందులుగా వినిపిస్తుంది. వాళ్లు ‘గివ్ మి ఎ హ్యాండ్’ అంటే కాస్త సాయం పట్టమని. సభలో వ్యాఖ్యాత ‘గివ్ హర్ ఎ బిగ్ హ్యాండ్’ అంటే గట్టిగా చప్పట్లు కొట్టమని. మన చెయ్యి మాత్రం తక్కువ తిన్నదా? గడ్డిమోపు తలకెత్తుకునేటప్పుడు ‘ఓ చెయ్యెయ్యి బాబాయ్’ అంటాం. ‘నా మీద చెయ్యేశాడు’ అని పంచాయతీ పెట్టేదీ ఆ మాటతోనే.

ఇంగ్లీషు నుంచి తెలుగు చెయ్యడం నా వృత్తి. ఈ పనిలో నన్ను ఆపేవి పెద్ద మాటలు కావు. ఫొటోసింథసిస్ కనిపిస్తే కిరణజన్య సంయోగక్రియ అని రాసి ముందుకు పోవచ్చు. ఆగి ఆలోచించాల్సింది హ్యాండ్, హెడ్, ఫుట్, బ్యాక్ లాంటి చిన్న మాటల దగ్గర. అవి వాక్యం మారితే వేషం మారుస్తాయి. అందుకే హ్యాండ్ ఎదురైనప్పుడు నిఘంటువు తెరవడానికి ముందే ఒక ప్రశ్న వేసుకుంటాను: ఈ చెయ్యి ఎక్కడుంది, ఏం చేస్తోంది? ఓడ మీదుందా, మిల్లులోనా, గుర్రపుశాలలోనా, పేకాట బల్ల దగ్గరా? చోటు తెలిస్తే తెలుగు మాట దానంతటదే దొరుకుతుంది.

ఓడ మీద ‘ఆల్ హ్యాండ్స్ ఆన్ డెక్’ అని కేక వేస్తే, ఉన్న సిబ్బంది అంతా పైకి రమ్మని. తెరచాప తాళ్లు లాగడానికి ఎన్ని చేతులుంటే అంత బలం కాబట్టి అక్కడ చెయ్యి అంటే నావికుడు. 19వ శతాబ్దపు ఇంగ్లండ్ బట్టల మిల్లుల్లో కార్మికుల్నీ హ్యాండ్స్ అనే పిలిచేవారు. చార్లెస్ డికెన్స్ 1854లో రాసిన ‘హార్డ్ టైమ్స్’లో మిల్లు కూలీలకు ఆ పేరే. మనిషిని ఒక్క అవయవంగా కుదించేసిన పిలుపు అది. మన రైతు ‘రేపు నాట్లకు పదిమంది మనుషులు కావాలి’ అంటాడు. కూలిచ్చి పిలిచినా మనిషిని మనిషి అనే అంటాడు. అందుకే మిల్లు హ్యాండ్స్‌ను ‘కార్మికులు’ అని మర్యాదగా మార్చేస్తే యజమాని చూపులోని చులకన ఎగిరిపోతుంది. మాట సాఫీగా ఉండటం కోసం ఆ చులకనను దాచే హక్కు అనువాదకుడికి లేదని నా నమ్మకం. అలాంటి చోట ‘చేతులు’ అనే ఉంచి, ఆ పిలుపు పాఠకుడికి గుచ్చుకునేలా చుట్టూ వాక్యాన్ని కట్టుకోవాలి.

గుర్రపుశాలలో హ్యాండ్ ఒక కొలత. అరచేతి వెడల్పు నుంచి పుట్టి, 16వ శతాబ్దంలో ఎనిమిదో హెన్రీ కాలం నాటి చట్టాలతో 4 అంగుళాలుగా స్థిరపడింది. గుర్రం ఎత్తును ఇప్పటికీ ఈ లెక్కలోనే చెబుతారు. ఇందులో ఒక మెలిక ఉంది. 14.2 హ్యాండ్స్ అని రాస్తే ఆ చుక్క దశాంశ బిందువు కాదు. 14 హ్యాండ్ల మీద 2 అంగుళాలు, అంటే 58 అంగుళాలు. 14.3 తర్వాత వచ్చేది 15. చుక్కను దశాంశం అనుకుని సెంటీమీటర్లలోకి మార్చినవాడు గుర్రాన్ని పొట్టిదాన్ని చేసేస్తాడు. ఒంటితో కొలవడం మనకు కొత్తేం కాదు. బెత్తెడు, జాన, మూర, బార అన్నీ చేతి కొలతలే. పూలమ్మే అమ్మ ఈనాటికీ మోచేతి నుంచి వేలి కొసదాకా మల్లెదండను సాచి మూర లెక్కన ఇస్తుంది. ఆమె చెయ్యి ఎంతైతే మూర అంత. హెన్రీ చట్టం చేసిందల్లా ఆ చేతిని మనిషి నుంచి విడదీసి, అందరికీ ఒకటే చెయ్యి అనడం.

గడియారంలో హ్యాండ్ అంటే ముల్లు. పేకాటలో పంచిన ముక్కలు. ‘ఆమె హ్యాండ్ బాగుంటుంది’ అంటే దస్తూరి బాగుంటుందని. ‘రైట్ హ్యాండ్ మ్యాన్’ మన దగ్గరికి వచ్చేసరికి కుడిభుజం అవుతాడు. హ్యాండ్‌లూమ్ ఒక్కటే ఏ పేచీ లేకుండా చేనేతై కూర్చుంది.

‘లంచం తీసుకుంటూ రెడ్ హ్యాండెడ్‌గా దొరికిన అధికారి’ అని మన పత్రికల్లో తరచూ చదువుతాం. ఈ మాట పుట్టిల్లు స్కాట్లాండ్. హత్య చేసినవాణ్ని, చేతికి నెత్తురు ఆరకముందే పట్టుకోవడం గురించి అక్కడి 15వ శతాబ్దపు చట్టాల్లోనే ఉంది. ఆ మాట మన ఏసీబీ దాడుల్లో మళ్లీ అక్షరాలా నిజమైంది. ఫిర్యాదుదారు ఇచ్చే నోట్లకు ముందే ఫినాఫ్తలీన్ పొడి రాస్తారు. నోట్లు తీసుకున్న చేతిని సోడియం కార్బొనేట్ ద్రావణంలో కడిగిస్తే నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. చెయ్యి తడిపితేగానీ ఫైలు కదలదని జనం విసుక్కునే చోట, ఆ తడి రంగు తేలి సాక్ష్యమవుతుంది. వార్త రాసేవాళ్లు ఇక్కడ రెడ్ హ్యాండెడ్‌ను తెలుగు చెయ్యకుండా వదిలేయడం నాకు సబబుగానే తోస్తుంది. పాఠకుడికి అది ఎప్పుడో సొంతమాట అయిపోయింది.

కొన్ని మాటల్లో చెయ్యి దాక్కుని ఉంటుంది. హ్యాండ్సమ్ అంటే మొదట్లో చేతికి వాటంగా ఉండేదని. అందగాడనే అర్థం తర్వాత చేరింది. హ్యాండిక్యాప్ గురించి, టోపీ చేతపట్టి అడుక్కునేవారి నుంచి వచ్చిందనే కథ బాగా చలామణిలో ఉంది. అది నిజం కాదు. 17వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లో ‘హ్యాండ్ ఇన్ క్యాప్’ అనే మారుబేరం ఆట ఉండేది. ఇద్దరు వస్తువులు మార్చుకోవాలనుకుంటే మధ్యవర్తి ఎక్కువ తక్కువలు తేల్చేవాడు. పందెం డబ్బున్న టోపీలో చేతులు పెట్టి తీయడం ద్వారా బేరం ఇష్టమో కాదో చెప్పేవారు. అక్కడి నుంచి ఆ పేరు గుర్రప్పందేలకు వెళ్లి, బలమైన గుర్రానికి అదనపు బరువు కట్టే పద్ధతికి చెల్లింది. వైకల్యం అనే అర్థం 20వ శతాబ్దంలో స్థిరపడింది. ఇప్పుడు మనుషుల విషయంలో ఆ మాట వాడకపోవడమే మర్యాద. అడుక్కునే కథను మాత్రం పనిగట్టుకుని తుడిచేయాలి. అది చరిత్ర పేరుతో ఎదుటివారిని కించపరుస్తోంది.

సర్జన్ అనే మాట గ్రీకులో చెయ్యి, పని అనే రెండు మాటలు కలిసి పుట్టింది. మందుతో కాకుండా చేత్తో వైద్యం చేసేవాడని భావం. ‘ఆ డాక్టరు హస్తవాసి మంచిది’ అనే మనవాళ్లకు ఈ సంగతి వింతగా అనిపించదు. పారసీకంలో చెయ్యిని దస్త్ అంటారు. తెలంగాణలో జేబురుమాలును దస్తీ అనేది అందుకే. సంతకమైన దస్కత్తు, ఆస్తి కాగితమైన దస్తావేజు ఆ ఇంటివే. జబర్దస్తీలో జబర్ అంటే పైన. పైచెయ్యి అన్నమాట. ఇంగ్లీషులోనూ అది అప్పర్ హ్యాండే. ఒకరికొకరు చెప్పుకోకుండానే మూడు భాషల వాళ్లు బలాన్ని ఒక్క తీరుగా చూశారు.

పోటీ పరీక్షలకు కూర్చునే పిల్లలు ‘ఇడియమ్స్ అండ్ ఫ్రేజెస్’ జాబితాలను బట్టీ పడుతుంటే నాకు బాధేస్తుంది. ఒక పక్క మాట, ఒక పక్క అర్థం; రెంటికీ మధ్య ఉన్న మనుషులూ పనులూ మాయం. తెలుగులో చెయ్యి అనేది అవయవం పేరు, ‘పని చెయ్యి’ అనే పురమాయింపు కూడా. అలాంటి భాష మాట్లాడే పిల్లలకు హ్యాండ్ వెనకున్న పనిని చూపించడం ఏమంత కష్టం? ఇంగ్లీషు చెప్పే మాస్టార్లకు నా విన్నపం ఇదే. నుడికారాలను అక్షర క్రమంలో కాకుండా పనుల వారీగా చెప్పండి. ఓడ మీది మాటలు ఒక రోజు, మిల్లువి ఒక రోజు, గుర్రాలవి మరో రోజు. వాటి పక్కనే అమ్మానాన్నలు చేసే పనుల్లోంచి పుట్టిన తెలుగు పలుకుబళ్లను పిల్లలచేతే రాయించండి. అలా నేర్చిన మాటను పరీక్షలోనే కాదు, బతుకులోనూ ఎక్కడ వాడాలో వాళ్లకు తెలిసివస్తుంది.