ఒక వంశవృక్షం అందం

పీహెచ్‌పీ 5 కాలంలో పనిచేసినవాళ్లకు తెల్ల తెర అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. వెతికిన రికార్డు దొరక్క నల్ చేతికొచ్చేది. దాని మీద ఒక మెథడ్‌ను పిలిచామా, అంతే సంగతులు: ఫేటల్ ఎర్రర్. చుట్టూ ట్రై కట్టినా, 5.5లో వచ్చిన ఫైనల్లీని కింద కాపలా పెట్టినా లాభం లేదు. డిస్ట్రక్టర్లు కూడా నడిచేవి కావు. షట్‌డౌన్ ఫంక్షన్ ఒక్కటే మిగిలేది, పోయినవాడి పేరు లాగ్‌లో రాసుకోవడానికి.

2015 డిసెంబరు 3న పీహెచ్‌పీ 7 వచ్చింది. నికితా పోపోవ్ ప్రతిపాదన పుణ్యమా అని, అంతకుముందు కుప్పకూలిన చాలా చోట్ల ఇంజిన్ ఇప్పుడు ఒక ఆబ్జెక్టును విసురుతుంది. ఇంక్లూడ్ చేసిన ఫైల్లో సెమికోలన్ మరిచినా పార్స్ఎర్రర్ మన చేతికి చిక్కుతుంది. ఇదంతా ప్రయోజనం. నన్ను కట్టిపడేసింది ఇది కాదు, ఆ ఆబ్జెక్టు పుట్టిన వంశం.

తేలిక దారి ఒకటుంది: కొత్తవాటిని ఎక్సెప్షన్ సంతానంలో కలిపేయడం. కానీ ఎక్సెప్షన్ కోసం క్యాచ్ అనే వల అప్పటికే ప్రతి పాత కోడ్‌లోనూ పరిచి ఉంది. ఫైల్ తెరుచుకోలేదు, కనెక్షన్ తెగింది వంటి చిన్న చేపల కోసం అల్లిన వల అది. అందులో మొసలి పడితే చేపల బుట్టలోకే పోతుంది, ఎవరికీ తెలియకుండా. అందుకే కొత్తవాటికి మూలమైన ఎర్రర్‌ను ఎక్సెప్షన్‌కు బిడ్డను చేయలేదు, తోబుట్టువును చేశారు. ఇద్దరికీ పైన త్రోవబుల్ అనే ఇంటర్‌ఫేస్. అది ఆరన్ పియోట్రోవ్‌స్కీ ఆలోచన. దాన్ని మన క్లాసు నేరుగా ఇంప్లిమెంట్ చేయజాలదు. ఎర్రర్‌కో ఎక్సెప్షన్‌కో పుట్టాల్సిందే. ఇంటిపేరు కావాలంటే ఆ ఇంట పుట్టాలి మరి! పాత వలలు పాత చేపలనే పడతాయి, కొత్తది కావాలన్నవాడు కొత్త వల వేసుకుంటాడు. ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యమన్నది ఇలాంటి అమరికనే అనిపిస్తుంది నాకు.

ఎవరూ పట్టుకోకపోతే? తెర మీద ఆ పాత ‘ఫేటల్ ఎర్రర్’ మాటలే, వెంట ‘అన్‌కాట్’ అని ఒక్క మాట అదనం. నా చూపు ప్రతిసారీ అక్కడే ఆగుతుంది. పైకి ఎవరూ పట్టుకోలేదనే చెబుతోంది; పట్టుకుని ఉండొచ్చు కదా అని లోపల దెప్పుతోంది. వాచ్యం మరణవార్త, ధ్వని నిష్ఠూరం. ఒక్క విశేషణంతో ఇంత పని జరగడం మంచి పద్యాల్లోనే చూశాను.

అపశ్రుతి లేకపోలేదు. సున్నాతో శేషం అడిగితే డివిజన్‌బైజీరోఎర్రర్ విసిరిన పీహెచ్‌పీ 7, అదే సున్నాతో భాగిస్తే వార్నింగ్‌తో సరిపెట్టేది. ఆ శ్రుతి 2020లో, 8.0తో గానీ కలవలేదు.

మెమరీ హద్దు దాటినా, నడవాల్సిన గడువు మించినా ఇప్పటికీ ఫేటల్ ఎర్రరే. వాటికి ఏ క్యాచూ లేదు.